గడ్డి దూడ

మా పెద్దబాపు రెండు వందల ఏళ్లు బతకాలనుకున్నాడు. అరవై ఏడో ఏట కామెర్లు వచ్చి పోయాడు. ఆ కోరిక కోసం ఆయన మా ఇంట్లో ఏం చేశాడో ఇంతకాలం నేనెక్కడా రాయలేదు. బతికుండగా రాస్తే కొట్లాట, పోయాక రాస్తే పాపం అనుకుంటూ వాయిదా వేశాను. ఈ మధ్య పేపరు తెరిస్తే చాలు, మనిషికి ముసలితనం రాకుండా చేస్తాం, చావు లేకుండా చేస్తాం అని ఎవరో ఒకరు ప్రకటిస్తూనే ఉన్నారు. మొన్న మా పక్కింటావిడ అలాంటి వార్త ఒకటి నాకు చదివి వినిపించి, "ఎంత బాగుంటుందో కదండీ" అంది. నాకు ఒళ్లు మండింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మాది దబీర్‌పురా. ఇంటి ముందు గది నుంచి రైలు కూత వినిపించేది, వెనక గది నుంచి బర్రెల అరుపులు వినిపించేవి. వెనక దొడ్డిలో పదకొండు బర్రెలుండేవి. తాతల నాటి నుంచి పాల వ్యాపారమే. ఇద్దరన్నదమ్ముల్లో పెద్దబాపు చదువుకుని సర్కారు ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. మా బాపుకు బర్రెలు మిగిలాయి. అందరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. పెద్దబాపు ఇస్త్రీ బట్టలు వేసుకుని, ముక్కుపొడి పీల్చుకుంటూ, పేడ తగలకుండా అంగలు వేసుకుంటూ ఆఫీసుకు పోయేవాడు. ఆయన తాగే చాయ్‌లో పాలు ఎక్కడి నుంచి వస్తాయో ఆయనకు సరిగా తెలియదని నా అనుమానం. నాకప్పుడు ఇరవై ఏళ్లు. మెట్రిక్ తప్పి ఇంట్లో ఉన్నాను. పూటకు నాలుగు బర్రెలు పిండేదాన్ని.

డెబ్బైల నడిమి సంవత్సరాలవి. అప్పట్లో సర్కారు నౌకరీ యాభై ఐదేళ్లకే అయిపోయేది. చివరి రోజు ఆఫీసు వాళ్లు పెద్దబాపు మెడలో బంతిపూల దండ వేశారు, పత్తర్‌గట్టిలో కొన్న కాఫీ రంగు శాలువ ఒకటి కప్పారు. రిక్షాలో ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాడు. అద్దానికి పైన గోడ మీద మా తాత ఫోటో. దానికీ బంతిపూల దండే. పెద్దబాపు ఒకసారి పైకి చూశాడు, ఒకసారి అద్దంలోకి చూశాడు, దండ గబుక్కున తీసి బర్రెల ముందు పడేశాడు. శాలువ మాత్రం తీయలేదు. ఎండాకాలంలో కూడా దాన్ని కప్పుకునే తిరిగేవాడు. కొన్నాళ్లకు ఆ శాలువ నిండా ముక్కుపొడి వాసన పట్టేసింది.

ఆ రోజు నుంచి ఆయనకు చావు భయం పట్టుకుంది. పొద్దున లేవగానే తన నాడి తనే పట్టుకుని చూసుకునేవాడు. నాలుక చాపి అద్దంలో పరీక్ష చేసేవాడు. మా పెద్దమ్మను పిలిచి, "నిన్నటి కంటె తెల్లగుందా?" అని అడిగేవాడు. ఆమె ఒక్కరోజు కూడా ఆ నాలుక వైపు చూసిన గుర్తు లేదు. పేడతట్ట ఎత్తుకుని తన పని మీద తను పోయేది. గల్లీలో ఎవరైనా పోయారని తెలిస్తే ఆయన రెండు రోజులు ఆ దారిన నడిచేవాడు కాదు. తిన్నగా పోతే పది అడుగుల దూరమున్న చాయ్ హోటలుకు మూడు గల్లీలు తిరిగి పోయేవాడు.

అలా తిరుగుతూ తిరుగుతూ అఫ్జల్‌గంజ్‌లో ఒక లాడ్జిలో దిగిన వైద్యుణ్ణి పట్టుకొచ్చాడు. ఆయన వయసు నూటనలభై ఏళ్లట. అన్నేళ్లు బతికినవాడు సొంతిల్లు లేక లాడ్జిలో ఎందుకున్నాడని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆయన్ను నిలదీసింది ఒక్క బాపమ్మే. బాపమ్మ అంటే మా బాపుకూ పెద్దబాపుకూ తల్లి. అప్పటికామెకు డెబ్బై అయిదు దాటాయి. కళ్లలో పొరలు వచ్చి మనుషులు నీడల్లా కనబడేవారు. అయినా వరండాలో మంచం మీద కూర్చుని దొడ్డి మొత్తాన్ని నడిపేది.

వైద్యుడు పుస్తకం చదివినట్టు మాట్లాడేవాడు. "మూసీకి పెద్ద వరద వచ్చిందే, అప్పటికే నా వయసు డెబ్బై పైమాటమ్మా. కళ్లారా చూశాను" అన్నాడు.

"గా వరదల నువ్వు యాడున్నవయ్యా?" అని అడిగింది బాపమ్మ.

"నీళ్ల మధ్యలోనే ఉన్నాను. ఈదుకుంటూ ఒడ్డుకు చేరాను."

బాపమ్మ నోట్లో పళ్లు లేవు గానీ నవ్వు గట్టిగా నవ్వింది. "డెబ్బై ఏండ్లోనివి మూసీ ఈదినవా? ముప్పై ఏండ్ల మా బాపు ఈదలేకపాయె. నన్ను ఇంటికప్పు మీద కూసోబెట్టి, బర్లు కట్టేసి ఉన్నయని పగ్గాలు కోయపోయిండు. బర్లొచ్చినయ్. బాపు రాలె." ఇది మాకందరికీ తెలిసిన కథే. ఆమెకప్పుడు ఎనిమిదేళ్లు. పెద్దబాపు ఊరుకోలేదు.

"అమ్మా, పెద్దమనిషితోని గట్ల మాట్లాడొద్దు" అని కసురుకున్నాడు.

"నాకంటె పెద్దోడెట్లయితడురా? గడ్డానికి రంగేసిండు. దగ్గరికొస్తే రంగు వాసనొస్తుంది, గుడ్డిదాన్ని నాకే తెలుస్తుంది."

పెద్దబాపు వినలేదు. వినాలనుకున్నది ముందే వినేశాడు.

వైద్యుడు చెప్పిన పద్ధతి ఇది. నలభై రోజులు వెలుగు చొరబడని గదిలో ఒంటరిగా ఉండాలి. తొలిచూలు ఈనిన నల్లబర్రె పాలు, ఆయనిచ్చిన పొడులు తప్ప మరేదీ ముట్టకూడదు. ఆ బర్రె పాలు చుక్క కూడా దూడ నోట పడకూడదు, ఎంగిలవుతాయి. ఏడుపు చెవిన పడకూడదు, చావు కంట పడకూడదు. నడుమ బయటికొస్తే కొత్త ఆయుష్షు రాకపోగా ఉన్నది సగమవుతుంది. నలభై రోజులూ నియమంగా ఉంటే జుట్టు నల్లబడుతుంది, పళ్లు గట్టిపడతాయి, రెండు వందల ఏళ్లకు ఢోకా లేదు. ఈ మాటలు విని మా పెద్దబాపు పసిపిల్లాడిలా సంబరపడ్డాడు. పెద్దమ్మను కూడా లోపల కూర్చోబెడదామా అని వైద్యుడూ అడగలేదు, ఆయనకూ తోచలేదు. రెండు వందల ఏళ్లు ఎవరు వండిపెడతారనుకున్నాడో మరి.

వరండా పక్కన గడ్డి గది ఉండేది. దానికి కిటికీ లేదు. గడ్డి తీయించి, తలుపు సందుల్లో గుడ్డలు కూరి, లోపల ఒకటి బయట ఒకటి గోనె పరదాలు కట్టించి పెద్దబాపు అందులోకి వెళ్లాడు. బాపమ్మ మంచానికీ ఆ గదికీ మధ్య ఒక్క గోడ. తలుపు కింద పలక ఒకటి ఊడదీసి చెంబు పట్టేంత సందు చేశారు. రోజుకు రెండు పూటలా ఆ సందులోంచి పాలు తోయడం నా పని.

గల్లీ చివర చాయ్ హోటల్ ముసలాయనకు మేమే పాలు పోసేవాళ్లం. ఒక బర్రె పాలు తగ్గాయేమని అడిగితే ఉన్న సంగతి చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుని, "చిల్లా మే అల్లా కే వాస్తే బైఠ్‌తే బేటీ. ఇనో అప్నే వాస్తే బైఠే?" అన్నాడు. నలభై రోజులు దేవుడి కోసం కూర్చునేవాళ్లను చూశాడు గానీ తన కోసం తాను కూర్చున్నవాణ్ణి ఆయన అదే మొదటిసారి వినడం. నాకు చాలా సిగ్గేసింది.

అసలు సంగతికొస్తాను. మా పాలవాళ్లలో ఒక పద్ధతుంది. బర్రె దూడను చూడనిదే పాలు చేపదు. ముందు దూడను వదలాలి, అది నాలుగు గుటకలు తాగాక పాలు దిగుతాయి. అప్పుడు దూడను పక్కకు కట్టి మూడు చన్నులు పిండుకుని ఒకటి దానికి వదలాలి. మా బాపు ఈ విషయంలో ఎంత గట్టిగా ఉండేవాడో, పాలల్లో నీళ్లు కలపకపోవడంలోనూ అంతే. ఇప్పుడు అన్నగారి కోసం ఆ పద్ధతి పక్కన పెట్టాల్సి వచ్చింది. మా దొడ్డిలో ఆ మధ్యే తొలిచూలు ఈనిన నల్లబర్రె ఒకటుంది. దూడను నల్లబర్రె ముందు నిలబెట్టి చూపించేదాన్ని. బర్రె చేపగానే దాన్ని మూతి పెట్టనివ్వకుండా లాగేసి నాలుగు చన్నులూ పిండేదాన్ని. దూడ తాడు తెంపుకునేంత గుంజేది. ఇంకో బర్రె దగ్గర వదిలితే అది తన్నింది. సీసాతో పట్టాను. విరేచనాలు పట్టుకున్నాయి. పదకొండో రోజు పొద్దున దూడ లేవలేదు. చెప్పింది పెద్దబాపు, పిండింది నేను. ఇందులో నా వంతు నాదే.

దూడ పోయాక నల్లబర్రె పాలు ఇవ్వడం మానేసింది. పొదుగు రాయిలా బిగదీసుకుని అరుస్తూ నిలబడింది. గడ్డి గదిలోంచి, "పాలేవీ?" అని కేక. నేను రెండు రోజులు చప్పుడు చేయకుండా వేరే బర్రె పాలు తోశాను. అది ముసలి బర్రె, దాని రంగు కూడా నలుపు కాదు. రెండో రోజు లోపలి నుంచి పెద్దబాపు, "ఇయ్యాల పాలు మస్తు బలమున్నయ్ బిడ్డా. నరాలల్లకు పోతున్నట్టు తెలుస్తుంది" అన్నాడు. నవ్వాపుకోలేక చెంబు అక్కడే వదిలి పారిపోయాను. నా ఇష్టమైతే నలభై రోజులూ అవే పోసేదాన్ని. బాపు చూసేశాడు. "అన్నకు మాటిచ్చినం. గిట్ల మోసం చేసుడేంది?" అని కోప్పడ్డాడు.

నల్లబర్రె చేపాలంటే ఇక ఒకటే దారి. చనిపోయిన దూడ తోలులో గడ్డి కూరి నిలబెట్టడం. అది మా పాలవాళ్లందరికీ తెలిసిన పనే గానీ బాపమ్మ చేస్తే బతికున్నదానిలా ఉంటుందని చుట్టుపక్కల దొడ్ల వాళ్లు ఆమెతో చేయించుకుని పోయేవారు. బాపు తోలు ఒలిచి, ఉప్పు రాసి ఎండబెట్టి మా ఒడిలో పెట్టాడు. వెదురు పుల్లలు కాళ్లు. ఆమె తడుముతూ గడ్డి కూరుతుంటే దబ్బనంతో నేను కుట్టాను. మెడ దగ్గరికొచ్చాక దబ్బనం తానే తీసుకుంది.

"మొఖం కుట్టెటప్పుడు బర్రె దిక్కు చూడొద్దు" అంది.

"బాపమ్మా, దానికి తెల్వదా?" అని అడిగాను.

బర్రె నాకాలంటే వీపు మీద ఇంకాస్త ఉప్పునీళ్లు రాయమంది బాపమ్మ. ఆ సాయంత్రం గడ్డి దూడను బర్రె ముందు నిలబెట్టాం. బర్రె వాసన చూసింది, వెనక్కి జరిగింది, మళ్లీ చూసింది. చివరికి నాలుక చాపి నాకడం మొదలుపెట్టింది. పాలు చేపింది. నేను పిండి, చెంబు గదిలోకి తోశాను. కాలం గెలిచిన మనిషి, మృత్యువును జయించిన మనిషి అని పెద్ద పెద్ద మాటలు విన్నప్పుడల్లా నాకు కనబడేది ఆ చెంబే. చావకుండా బతికేవాడు గాలి పీల్చి బతకడు కదా. ఎవరి దూడ పాలో తాగే బతుకుతాడు.

ఇరవై ఆరో రోజున బాపమ్మ మంచం మీంచి లేవలేదు. జ్వరం, ఆయాసం. గల్లీ డాక్టరు చూసి ఒకటి రెండు రోజులే అన్నాడు. ఆమెకు చావంటే భయం లేదు. నిమ్మళంగా అందరినీ పిలిచి ఎవరికి చెప్పాల్సింది వాళ్లకు చెప్పింది. ఏ బర్రె ఎప్పుడు ఎదకొస్తుందో కూడా చెప్పింది. ఒక్కటే కోరిక కోరింది. "పెద్దోడేడి? పిలువుండ్రి. వాని చేతుల నీళ్లు తాగి పోత" అంది. తల్లికి చిన్నకొడుకే కొరివి పెట్టాలి కాబట్టి ఆ పనికి పెద్దబాపుతో అవసరం లేదు. ఆమె అడిగింది బతికుండగా గుక్కెడు నీళ్లు మాత్రమే.

బాపు తలుపు కొట్టాడు. "అన్నా, అమ్మ పోయెటట్టున్నది. నిన్ను పిలుస్తుంది. ఒక్కపారి వచ్చి పో."

లోపలి నుంచి గొంతు వినబడింది. "ఇంక పద్నాలుగొద్దులే ఉన్నయ్ తమ్మీ. జర ఆగుమను."

ఈ మాట నేను కల్పించి రాయలేదు. జర ఆగుమన్నాడు. రెండు వందల ఏళ్లు కావాలన్న మనిషికి తల్లి కోసం పావుగంట దొరకలేదు. పెద్దమ్మ వెళ్లి తలుపును కాలితో తన్నింది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆమె ఆయన్ను ఎదిరించడం అదే మొదలు. "నీ ఆయుష్షు పాడుగాను, బయటికి రా" అని అరిచింది. లోపల గడియకు ఇంకేదో అడ్డం పెట్టిన చప్పుడైంది. తలుపు బద్దలు కొడతానని బాపు గొడ్డలి తెచ్చాడు. బాపమ్మే వద్దంది. "గుంజుకొస్తే వచ్చినట్టా?" అంది. కానీ గంటకోసారి, "వచ్చిండా?" అని మాత్రం అడుగుతూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆమె గొంతు సన్నగిల్లింది. అయినా అదే మాట. వినలేకపోయాను. అప్పుడు నా బుర్రలో పుట్టిన ఆలోచనకు ఈ రోజుకీ నన్ను నేను తిట్టుకుంటాను. పెద్దబాపు గదిలోకి పోయేముందు విప్పిన శాలువ దండెం మీద ఉంది. అన్నదమ్ములిద్దరి గొంతూ ఒకటే. ఆమెకు కళ్లు కనబడవు. శాలువ తెచ్చి బాపు చేతిలో పెట్టాను.

"అమ్మను మోసం చేద్దునా?" అన్నాడు బాపు. కళ్లల్లో నీళ్లు.

"ఆమె పానం పోతలేదు బాపు. గీ ఒక్కటి చెయ్యి" అన్నాను.

బాపు శాలువ కప్పుకుని మంచం పక్కన కూర్చున్నాడు. "అమ్మా, నేను. పెద్దోన్ని. వచ్చిన" అన్నాడు. బాపమ్మ చెయ్యి చాపింది. శాలువ కొంగు ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. ముఖం విచ్చుకుంది. ఆ ఒక్క క్షణం నేను చేసింది మంచి పనే అనుకున్నాను. అప్పుడామె అతని చెయ్యి పట్టుకుని బొటనవేలు తడిమింది. పాలు పిండేవాళ్లు బొటనవేలు మడిచి పిండుతారు. ఏళ్ల తరబడి పిండితే కణుపు మీద కాయ కాస్తుంది. గుమాస్తా వేలికి అది ఉండదు. ఆమె వేలు ఆ కాయ మీద ఆగింది.

తరవాత తల నా వైపు తిప్పింది. "గడ్డి దూడను పెట్టినవా బిడ్డా నా ముందల?"

నేను ఆమె కాళ్లు పట్టుకున్నాను.

"ఆనాడు అడిగితివి గదా, బర్రెకు తెల్వదా అని. తెలుస్తది. అన్నీ తెలుస్తయ్. గయినా ఇస్తది." బాపు శాలువ తీసేయబోయాడు. ఆమె అతని చెయ్యి వదల్లేదు. "నువ్వెందుకురా ఇంకొకని లెక్క వచ్చినవ్? నీ లెక్క నువ్వొస్తే నేను తాగనా? నీళ్లు పొయ్యి" అని నోరు తెరిచింది. బాపు పోసిన నీళ్లు సగం ఆమె మెడ మీద పడ్డాయి. మిగిలినవి తాగింది. పొద్దు వాలకముందే పోయింది.

మేం గొల్లుమన్నాం. కాసేపటికి గడ్డి గది తలుపు లోపలి నుంచి కొట్టిన చప్పుడైంది. అందరం ఏడుపాపి అటు చూశాం. ఇప్పుడైనా వస్తున్నాడనుకున్నాం. "జర దూరం పోయి ఏడ్వుండ్రి. నా చెవుల పడొద్దన్నడు వైద్యుడు" అన్నాడు పెద్దబాపు. గొంతు మామూలుగానే ఉంది.

నలభై ఒకటో రోజు పొద్దున తలుపు తెరుచుకుంది. అప్పటికి వైద్యుడు లాడ్జి ఖాళీ చేసి ఎటో పోయాడు. పెద్దబాపు గోడ పట్టుకుని, కళ్లు చికిలించుకుంటూ బయటికొచ్చాడు. ఒళ్లు బుట్ట కింద మొలిచిన గడ్డిలా పాలిపోయింది. జుట్టు ఎప్పటిలాగే తెల్లగా ఉంది, కాకపోతే భుజాల దాకా పెరిగింది. ముందు అద్దం అడిగాడు. చూసుకుని, రంగు రావడానికి ఇంకొన్నాళ్లు పడుతుంది కాబోలు అన్నాడు. ఆ తరవాత బాపమ్మ ఖాళీ మంచం వైపు చూసి, "అమ్మ నన్ను యాది చేసిందా తమ్మీ?" అని అడిగాడు.

"నువ్వొచ్చి నీళ్లు పోసినవనుకుంటనే పోయిందన్నా" అన్నాడు బాపు. చెంబెడు నీళ్లు కూడా పాలల్లో కలపని మనిషి అన్న కోసం అంత అబద్ధం చెప్పాడు.

"గంతే చాలు. నా మనసు తేలికైంది" అని పెద్దబాపు దొడ్డి వైపు తిరిగాడు. నల్లబర్రె గడ్డి దూడ వీపు నాకుతోంది. చీకటికి అలవాటు పడ్డ కళ్లతో దాన్ని చూసి, "దుడ్డె మంచిగున్నదే" అన్నాడు.

నేనిక ఆగలేకపోయాను. ఆయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయి దాని వీపు మీద పెట్టాను. లోపల గడ్డి కరకరలాడింది.

"గిదేంది?"

"నువ్వు తాగిన పాలు, పెద్దబాపూ. దుడ్డె పదకొండో దినమే సచ్చింది. బాపమ్మ గడ్డి నింపి కుట్టింది. నువ్వు రానంటే నేను నీ శాలువ బాపుకు కప్పి గిట్లనే బాపమ్మ ముందల కూసోబెట్టిన. ఆమె గుర్తుపట్టింది."

"ఏయ్, ఊకో" అని బాపు వెనక నుంచి అరిచాడు. పెద్దబాపు చేతికంటిన గడ్డి పోచలు దులుపుకున్నాడు. ఏమంటాడోనని చూశాను. అప్పటికీ ఆయన మీద నాకెక్కడో ఆశ ఉండేదనుకుంటాను.

"పాలైతే అన్నొద్దులు గీ నల్లబర్రెవే గద?" అన్నాడు. "నడుమ వేరేవి కలవలేదు గద?"

"రెండు దినాలు కలిసినయ్" అన్నాను. "ముసలి బర్రెవి."

పెద్దబాపు ముఖంలో ఉన్న కాస్త నెత్తురూ పోయింది. పేడలోనే కూలబడ్డాడు. రెండు చేతులతో ముఖం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నేను చెంబు తీసుకుని బర్రె పక్కన కూర్చున్నాను. అది గడ్డి దూడను నాకుతూనే పాలు చేపింది.